బంతికి మూడు రోజుల నోటీసు

రాళ్లపేట క్రీడా వసతి గృహంలో నోటీసు లేకుండా జరిగిన చివరి సంఘటన జాడి రజిత ముక్కుకు ఫుట్‌బాల్ తగలడం. జూన్ నెల, మంగళవారం, ఉదయం ఆరున్నర. ఆ బంతి తగలకపోయినా, తగిలినప్పుడే ఉపసంచాలకులు మురహరిరావు గారు గేటు దగ్గర జీపు దిగకపోయినా, తర్వాత జరిగినవేవీ జరిగేవి కావు.

బంతి తగలడం ఆ మైదానంలో వింతేమీ కాదు. కోచ్ కొమురయ్య పద్ధతే అది. మైదానం చివర, పాత గని ఆఫీసు కోసం ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన రాళ్ల గోడ ఒకటుంది. ఒక రాయి ముందుకు పొడుచుకొస్తే ఇంకోటి లోపలికి నక్కి ఉంటుంది, మూడోది ఏటవాలుగా పడుకుని ఉంటుంది. కట్టిన మేస్త్రీ ఎవరో గాని తూకం గుండు ముఖం చూసినవాడు కాదు. కొమురయ్య కీపర్‌ని ఆ గోడకు ఎదురుగా నిలబెట్టి, తాను వెనకనుంచి బంతిని గోడకేసి కొట్టేవాడు. అది ఏ రాయికి తగిలి ఎటు తిరిగి వస్తుందో కీపర్‌కు తెలియదు, కొమురయ్యకు తెలియదు, ఆ మాటకొస్తే గోడకూ తెలియదు. కన్ను చూసే సరికే చెయ్యి అక్కడ ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆ గోడే అసలు కోచ్ అనీ, తాను దాని దగ్గర అసిస్టెంటుననీ చెప్పుకునేవాడు కొమురయ్య.

ఆ గోడకు దొరికిన శిష్యుల్లోకెల్లా మంచిది రజిత. నాలుగేళ్ల కిందట కొమురయ్య ఒక వాకిట్లో నిలబడి బీడీ వెలిగించుకుంటుంటే, లోపల తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఈ అమ్మాయి కనిపించింది. గూట్లోంచి దారం ఉండ జారింది. ఆమె తల ఎత్తలేదు. ఎడమ చేత్తో దాన్ని గాలిలోనే పట్టుకుని, కుడి చేత్తో బీడీ మూతి మడిచేసింది. కొమురయ్య నోట్లో బీడీ ఆరిపోయింది. వారం తిరక్కుండా తల్లిని ఒప్పించి హాస్టల్లో చేర్చాడు.

ఇప్పుడామెకు పంతొమ్మిది. హాస్టల్లో ఉండే వయసు ఈ ఏటితో సరి. సెప్టెంబరులో జరిగే ఎంపిక పోటీల్లో రాష్ట్రం మొత్తం మీద ఇద్దరు కీపర్లను జాతీయ శిబిరానికి తీసుకుంటారు. అందులో పేరుంటే రైలెక్కుతుంది, లేకపోతే మళ్లీ చాట ముందు కూర్చుంటుంది. ఈ రెండు దారులకూ మధ్యన మూడోది లేదని ఆమెకూ తెలుసు, కొమురయ్యకూ తెలుసు.

మురహరిరావు గారు రజిత ముక్కును, ముక్కు కింద ఎర్రని గీతను, పక్కన పడి ఉన్న బంతిని వరుసగా పరిశీలించారు. ఆయన క్రీడల శాఖకు వచ్చి నాలుగు రోజులైంది.

“ఈ బంతి వస్తున్నట్లు ఈ అమ్మాయికి ముందస్తుగా తెలియజేయడం జరిగిందా?” అని అడిగారు.

“లేదు సార్. తెలిస్తె ఎవ్వలైన పడుతరు. తెల్వకుంట వచ్చినదాన్ని పట్టుడే పని” అన్నాడు కొమురయ్య.

“అడిగినదానికి సమాధానం చెప్పండి. నోటీసు ఇచ్చారా, లేదా?”

“బంతికి నోటీసేంది సార్?”

ఉపసంచాలకుల ముఖంలో కోపం రాలేదు. బాధ కనిపించింది. దానికి కారణముంది. ఆయన ఇరవై రెండేళ్లు భూసేకరణలో పనిచేసి వచ్చినవారు. ఒక్క రైతుకు నోటీసు చేతికి అందలేదన్న కారణంతో, ఆయన దగ్గరుండి వేయించిన తొమ్మిది కిలోమీటర్ల రోడ్డును కోర్టు ఆపేసింది. ఆ రోడ్డు ఇప్పటికీ ఒక జామతోట దాకా వచ్చి ఆగి ఉంది. దాని మీద మిరపకాయలు ఎండబోస్తారు. ఆనాటినుంచి, నోటీసు లేకుండా జరిగేదేదైనా నిలవదని ఆయన నమ్మకం. వాళ్లింట్లో కుక్కర్ కూడా ముందుగా తెలియపరిచాకే కూత పెడుతుందని ఆఫీసులో చెప్పుకునేవారు.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. దాని పేరు “గోల్‌కీపర్ల ప్రతిస్పందనా వేగము మరియు హస్త నేత్ర సమన్వయ అభివృద్ధి మార్గదర్శకములు”. అటెండరు ఖాజా దాన్ని సైకిలు మీద తెచ్చి, మెస్సు అరుగు మీద కూర్చుని, చదివి వినిపించాడు. ఖాజా ఉత్తర్వులు చదివితే వార్తలు చదివినట్టు ఉంటుంది.

“అంశము మూడు. ఏ బంతియు సదరు కీపరుకు మూడు పూర్తి దినముల ముందస్తు నోటీసు లేకుండా ప్రయోగింపబడరాదు. అంశము నాలుగు. నోటీసునందు బంతి సంఖ్య, వచ్చు దిక్కు, ఎత్తు, వేగము స్పష్టముగా పేర్కొనవలెను. అంశము ఐదు. సదరు బంతిపై కీపరుకు అభ్యంతరములున్న యెడల తెలుపుకొనుటకు తగిన అవకాశము కల్పింపబడును.” ఖాజా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇంక తొమ్మిది దాక ఉన్నయి సాబ్. చాయ్ తాగి చదువుతా.”

అలా మొదలైంది. ఉదయం ఖాజా నోటీసులు తెస్తాడు. రజిత గ్లవ్స్ విప్పి సంతకం చేసి మళ్లీ తొడుక్కుంటుంది. మూడు రోజుల తర్వాత, ఆరు గంటల నలభై నిమిషాలకు, ఈశాన్యం నుంచి, మోకాలి ఎత్తులో, మధ్యరకం వేగంతో ఒక బంతి వస్తుంది. అప్పటికే ఆమె చేతులు ఈశాన్యంలో, మోకాలి ఎత్తులో, పది నిమిషాలుగా ఎదురు చూస్తుంటాయి. బంతి వచ్చి వాటిలో కూర్చుంటుంది. రోజుకు ఇరవై బంతులు, ఇరవై సంతకాలు.

రెండో వారంలో రజితకు విసుగొచ్చి అంశము ఐదు కింద ఒక కాగితం రాసింది. ఎడమ మూల కింది బంతి వచ్చే వేళకు ఎండ కళ్లలో పడుతుందని, కనుక అభ్యంతరమని. నవ్వుకోవడానికి రాసింది. విచారణకు పిలుపు వచ్చింది.

మురహరిరావు గారు నిండు గాంభీర్యంతో విచారణ జరిపారు. అర్జీదారు ఒక కుర్చీలో, ప్రతివాదిగా కొమురయ్య ఎదురు కుర్చీలో, బల్ల మీద సాక్ష్యంగా బంతి. సూర్యుడు ఆ సమయానికి ఏ దిక్కున ఉంటాడన్న విషయమై తహసీలు కార్యాలయం నుంచి నివేదిక తెప్పించారు. ప్రతివాది ఏమైనా చెప్పుకోదలిచాడా అని అడిగారు.

“అవతలి జట్టోళ్లు ఎండ చూసి కొట్టరు గద సార్” అన్నాడు కొమురయ్య.

“అవతలి జట్టు ఈ విచారణలో పక్షము కాదు. అభ్యంతరం సహేతుకమైనది. సదరు బంతిని కుడివైపు పై మూలకు మార్చడమైనది. తాజా నోటీసు జారీ చేయవలెను.”

బయటికొచ్చాక రజిత, “సార్, నేను నవ్వులకు రాసిన. గింత దూరం పోతదనుకోలే” అంది. కొమురయ్య నవ్వలేకపోయాడు.

ఇక మిగిలింది గోడ. ఎంత నోటీసిచ్చినా, గోడకు తగిలిన బంతి తన దిక్కు తానే నిర్ణయించుకుంటోందని తనిఖీలో తేలింది. బంతి దారిని మారుస్తున్నది గోడ కనుక, గోడ కూడా ఒక పక్షమే అవుతుందని మురహరిరావు గారు గుర్తించారు. దానికీ నోటీసు ఇచ్చారు. చేతికి ఇవ్వడానికి వీల్లేని పక్షాలకు అతికించే పద్ధతి ఉంది కాబట్టి, గోడకు ఇచ్చిన నోటీసును గోడకే అతికించారు. తన ప్రవర్తనకు కారణాలు ఏడు రోజుల్లో తెలపాలని అందులో ఉంది. గోడ ఏమీ తెలపలేదు. ఎనిమిదో రోజు ఇద్దరు మేస్త్రీలు వచ్చి దానికి నున్నగా సిమెంటు పూసి అద్దంలా చేసి వెళ్లారు. ఆ రోజు కొమురయ్య మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఫలితాలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. నాలుగు వారాల్లో నాలుగు వందల పైచిలుకు బంతులు, ఒక్కటి కూడా వదలలేదు. ప్రతిస్పందనా వేగాన్ని కొలవడానికి మురహరిరావు గారు స్వయంగా స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. కీపర్ స్పందన ఆమె నోటీసు మీద సంతకం పెట్టిన క్షణానే మొదలవుతుంది కనుక, బంతి రావడానికి డెబ్బై రెండు గంటల ముందే ఆమె స్పందించినట్లు లెక్క తేలింది.

“మైనస్ డెబ్బై రెండు గంటలు” అని ఆయన సమీక్షా సమావేశంలో ప్రకటించారు. “ఇతర దేశాల కీపర్లు బంతి బయలుదేరిన తర్వాత సెకనులో కొంత భాగానికి స్పందిస్తారని వింటున్నాం. ఎంత స్వల్పమైనా అది జాప్యమే. మన సంస్థలో జాప్యాన్ని సున్నాకు తేవడమే గాక, సున్నా కిందికి తీసుకెళ్లడం జరిగింది.”

చప్పట్లు మోగాయి. పక్క రెండు జిల్లాల నుంచి అధికారులు చూసి నేర్చుకోవడానికి వచ్చి, నమూనా ఫారాలు పట్టుకెళ్లారు.

ఆగస్టు మొదట్లో పొరుగూరి హాస్టలుతో స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. రజిత గోల్లో నిలబడింది. మొదటి బంతి ఆమె కుడి చెవి పక్కనుంచి వలలోకి పోయింది. రెండోది కాళ్ల సందుల్లోంచి పోయింది. మూడోదాన్ని ఆమె ఎంతో శ్రద్ధగా, కన్నార్పకుండా, లోపలికి పోయేదాకా చూసింది. మొత్తం ఏడు.

ఆట అయ్యాక గోల్‌పోస్టుకు వీపు ఆనించి కూర్చుంది. కొమురయ్య పక్కనే కూలబడ్డాడు.

“ఏమైంది బిడ్డా?”

“బంతి మంచిగనే కనవడుతున్నది సార్. కండ్లు చూస్తనే ఉన్నయి. చేతులే అడుగుతున్నయి, కాయితం ఏదని.” ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. “అమ్మకు చెప్తా సార్, చాట దులిపి పెట్టుమని.”

కొమురయ్య కూడా ఆ అరచేతుల్నే చూశాడు. ఆ చేతుల్ని దారం ఉండ దగ్గరనుంచి ఇక్కడిదాకా తెచ్చినవాడు తనే. ఇరవై ఏళ్లలో ఎందరో కీపర్లు గాయాలపాలై ఆట వదిలారు గాని, ఇంత క్షేమంగా ఉండి పాడైపోయిన కీపర్‌ని చూడడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. ముఖం తుడుచుకున్నట్టు తువాలు అడ్డం పెట్టుకున్నాడు.

మురహరిరావు గారు మాత్రం చలించలేదు. ఏడు బంతులను నోటీసు లేకుండా ఎందుకు ప్రయోగించారో సంజాయిషీ ఇవ్వాలని పొరుగూరి హాస్టలుకు లేఖ రాశారు. సంజాయిషీ రాలేదు కనుక ఆ ఏడు గోల్సూ చెల్లవని తేల్చి, రికార్డులో సున్నా, సున్నా అని రాయించారు.

ఎంపిక పోటీలకు అయిదు వారాలు మిగిలి ఉండగా వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం కొమురయ్య, రజిత మెస్సు అరుగు మీద చాయ్ తాగుతూ కూర్చున్నారు. ఖాజా తడిసి ముద్దయి గేటు దగ్గర సైకిలు దిగాడు. గేటుకూ అరుగుకూ మధ్య మోకాలి లోతు నీళ్లు.

“ఖాజా భాయ్, ఆడ్నే ఆగు, మునుగుతవు” అని అరిచాడు కొమురయ్య.

ఖాజా ఆగాడు. ఆగి, నోటీసుల కట్టను చుట్టగా చుట్టి, అలవాటైన మణికట్టుతో ఒక్క విసురు విసిరాడు. అటెండరు కాకముందు పన్నెండేళ్లు గనుల క్వార్టర్లలో పేపరు వేసినవాడతను. సైకిలు ఆపకుండా మూడో అంతస్తు బాల్కనీలో, తులసి కుండీకి తగలకుండా పడేసేవాడు. తడిసిన ఆ కట్ట వానలో గిర్రున తిరుగుతూ అరుగు మీదికి వచ్చింది. రజిత కుడి చేతిలో చాయ్ గ్లాసు ఉంది. చూపు ఎటో ఉంది. ఎడమ చెయ్యి లేచి కట్టను పట్టుకుంది. చాయ్ తొణకలేదు.

కొమురయ్య ఆ కట్టనూ, తొణకని గ్లాసునూ మార్చి మార్చి చూశాడు.

“బిడ్డా” అన్నాడు కొమురయ్య నెమ్మదిగా. “ఆ కట్ట వస్తదని నీకెవ్వలు చెప్పిన్రు?”

“ఎవ్వలు చెప్తరు సార్? నోటీసు వస్తదని నోటీసు ఉండదు గద.”

కొమురయ్య గ్లాసు కింద పెట్టాడు. లోపలికెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి ఉత్తర్వు తీసుకొచ్చి, ఈసారి తొమ్మిదో అంశం దాకా తానే కూడబలుక్కుని చదివాడు. ఏడో అంశం: నోటీసును కీపరుకు ఏ వేళనైనను, ఏ స్థలముననైనను, స్వయముగా చేతికి అందజేయవలెను. ఎనిమిదో అంశం: నోటీసు జారీచేయు అధికారము అటెండరుకు మాత్రమే కలదు. తొమ్మిదో అంశం: చేతికి అందక నేల పాలైన నోటీసు అందనట్లే భావించి, అందువరకు తిరిగి జారీ చేయవలెను.

మూడుసార్లు చదివాడు. తర్వాత తడి చెప్పులతోనే ఆఫీసుకు నడిచాడు.

“సార్, వానకు నోటీసులన్నీ ముద్దయితున్నయి. అక్షరాలు కారిపోతున్నయి. అందినట్టా, అందనట్టా అర్థమైతలేదు” అన్నాడు.

మురహరిరావు గారి ముఖం విప్పారింది. తన కింద పనిచేసేవాళ్లలో ఒకడు నోటీసు క్షేమం గురించి తనంత తానుగా వచ్చి అడగడం ఆయన ఉద్యోగ జీవితంలో మొదటిసారి. కుర్చీ చూపించారు.

“మీరు లేవనెత్తినది చాలా కీలకమైన అంశం.”

“కాయితం మీదనే రాయాల్నని ఏడన్న ఉన్నదా సార్?”

“లేదు. భూసేకరణలో దండోరా వేయించాం. తలుపుకు అతికించాం. అవసరం ఏర్పడి ఒకసారి గేదె మెడకు కట్టి పంపించాం. మాధ్యమం ముఖ్యం కాదు కొమురయ్య గారూ. అందడం ముఖ్యం.”

“రబ్బరు మీద రాస్తె నీళ్లకు పోదు సార్. గుండ్రంగ ఉంటె ఖాజా భాయ్‌కి తెచ్చుడు కూడ అల్కగైతది.”

“జలనిరోధక గోళాకార మాధ్యమం” అని మురహరిరావు గారు నోట్‌ఫైలు మీద రాసుకుంటూ పైకే అన్నారు. “సముచితముగా ఉన్నది. అనుమతించడమైనది. ముద్ర మాత్రం స్పష్టంగా పడాలి.”

ఆ సాయంత్రం ఖాజా పాత ఫుట్‌బాల్స్ ముప్పై ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో బంతి మీద, “మూడు దినముల పిమ్మట మీ వైపు ఒక బంతి రాబోవుచున్నది” అని గుండ్రంగా రాసి, ఆఫీసు ముద్ర కొట్టాడు.

“సాబ్, ఇవి బంతులా, నోటీసులా?” అని అడిగాడు.

“నోటీసులే ఖాజా భాయ్. బంతి వేసుడు తప్పు. మనం నోటీసే ఇస్తున్నం. ఏ వేళనన్న, ఏ జాగలనన్న, చేతికి అందాలె. అందకుంటె మళ్ల ఇయ్యాలె.”

ఖాజాకు విషయం అర్థమయ్యేసరికి ముఖం మీదినుంచి పదిహేనేళ్లు రాలిపోయాయి. లుంగీ ఎగగట్టాడు.

మర్నాటి నుంచి రాళ్లపేట హాస్టల్లో ప్రభుత్వ నోటీసులు జారీ అయిన తీరు ఏ శాఖ చరిత్రలోనూ ఉండదు. రజిత ఉప్మా ప్లేటుతో మెస్సులోంచి వస్తుంటే నీళ్ల ట్యాంకు వెనకనుంచి ఒక నోటీసు వచ్చేది. బట్టలు ఆరేస్తుంటే చీర మీదుగా ఒకటి, చీర కిందినుంచి ఒకటి వచ్చేవి. గోడ దగ్గర నిలబడితే ఖాజా నోటీసును గోడకు కొట్టి జారీ చేసేవాడు. గోడ ద్వారా ఇవ్వకూడదని ఉత్తర్వులో లేదు. మొదట్లో సగం నేల పాలయ్యేవి. ఖాజా ఎంతో మర్యాదగా, “అందలేదమ్మా, తిరిగి జారీ” అని మళ్లీ విసిరేవాడు. తిరిగి జారీ చేసేది ఎప్పుడూ వెంటనే వచ్చేది కాదు. ఒకోసారి తల దువ్వుకునేటప్పుడు వచ్చేది. అలా అందిన నోటీసుల లెక్క కొమురయ్య రిజిస్టరులో రాసుకునేవాడు.

రెండో వారానికి నేల పాలయ్యేవి పదికి ఒకటి. మూడో వారానికి ఖాజాకే పట్టుదల పెరిగింది. కంటికి కనిపించకుండా కిటికీలోంచి రెండు నోటీసులు ఒకేసారి పంపాడు. రెండు చేతుల్లో రెండు ఆగాయి.

“చిచ్చా, ఇంక ఉన్నయా?” అంది రజిత.

అయిదు వారాలు గడిచేసరికి మూడు వేల నూట పదహారు నోటీసులు చేతికి అందాయి. ఆ అంకె చూసి మురహరిరావు గారు పొంగిపోయారు. పెద్ద గోళాలు పదేపదే తగలడంతో గోడ మీది సిమెంటు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయి, పాత రాళ్లు మళ్లీ ముఖాలు బయటపెట్టాయి. దానికి బాధ్యులెవరో తేల్చడానికి ఒక కమిటీ వేశారు గాని, కమిటీకి నోటీసులు ఇవ్వాల్సిన ఖాజాకు తీరిక దొరకలేదు.

ఎంపిక పోటీల ఫైనల్ జిల్లా కేంద్రంలో జరిగింది. మురహరిరావు గారు అందరికన్నా ముందే వచ్చి, అవతలి జట్టు కెప్టెన్‌కు ముప్పై ఖాళీ నమూనా ఫారాలు అందించి, మీ బంతుల వివరాలు నింపి సంతకాలు చేయమన్నారు. ఆ పిల్ల ఆటోగ్రాఫులనుకుని ముప్పై మీదా సంతోషంగా సంతకం చేసి, ఒకదాని మీద పువ్వు బొమ్మ కూడా వేసింది. ఆయన నిశ్చింతగా వెళ్లి కూర్చున్నారు.

ఆట చివరికొచ్చేసరికి రాళ్లపేట ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. ఇంకో రెండు నిమిషాలు. అవతలి ఫార్వర్డ్ పదిహేను గజాల నుంచి కుడి మూలకు గట్టిగా తన్నింది. రజిత కుడికి కదిలింది. ఆ బంతి మధ్యలో సొంత డిఫెండరు మోకాలికి తగిలి ఎడమకు తిరిగింది. కొమురయ్య లేచి నిలబడ్డాడు. అది మోకాలు కాదు, తన గోడలోని రాయి. ఏటవాలుగా పడుకున్న రాయి. కుడికి వంగిన రజిత నడుము అక్కడే ఉండగా ఎడమ చెయ్యి మాత్రం విడిగా బయలుదేరి, గీత మీద బంతిని ఆపి, గుండెకు హత్తుకుంది.

ఎంపిక కమిటీ మేడం ఆట అయ్యాక ఆమెను పిలిచి అడిగింది. “బంతి అట్ల తిరుగుతదని నీకెట్ల తెలిసింది?”

“తెల్వదు మేడం. వచ్చింది, పట్టిన.”

సాయంత్రం చదివిన రెండు పేర్లలో రెండోది జాడి రజితది. ఆమె వెంటనే ఎవరి ఫోనో అడుక్కుని తల్లికి చేసి, “అమ్మా, చాట పక్కింటామెకు ఇచ్చెయ్” అంది. కొమురయ్య బస్సు వెనక్కు వెళ్లి, ఈసారి తువాలు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాడు.

మూడో రోజున కొమురయ్యకు మెమో వచ్చింది. పిలిపించి ఎదురుగా నిలబెట్టారు. మురహరిరావు గారి ముందు రిజిస్టరు తెరిచి ఉంది. ముఖంలో జూన్ నెలలో కనిపించిన ఆ బాధే ఉంది.

“జారీ అయిన నోటీసులు మూడు వేల నూట పదహారు. వాటి మేరకు ప్రయోగించిన బంతులు ఎన్ని?”

“ఒక్కటి లేదు సార్. నోటీసులు ఇచ్చుడుకే దినం సరిపోయింది.”

“నోటీసు ఇవ్వకుండా చర్య తీసుకోవడం తప్పు. నోటీసు ఇచ్చి చర్య తీసుకోకపోవడం అంతకన్నా ఘోరమైన తప్పు. ఆ అమ్మాయి పదిహేను రోజుల్లో ఈ సంస్థ పరిధి దాటి వెళ్తోంది. ఆలోగా పెండింగ్ బంతులన్నీ ఆమెకు అందజేయవలెను.”

కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. “మళ్ల నోటీసు ఇయ్యాల్నా సార్?”

“అవసరం లేదు. అన్నింటికీ గడువు తీరింది. ఇక ఏ క్షణాన వేసినా చట్టసమ్మతమే.”

“ఏ దిక్కునుంచి వేయాలె సార్?”

“నోటీసులో దిక్కు పేర్కొన్నారా?”

“బంతి మీద జాగ చాలలే సార్.”

మురహరిరావు గారు కళ్లు మూసుకుని, అంశము నాలుగును మనసులోనే తిరగేసి ఆలోచించారు. “పేర్కొననప్పుడు అన్ని దిక్కులూ వర్తిస్తాయి” అని తీర్పు చెప్పారు.

కొమురయ్య బయటికొచ్చి, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని, వరండాలో రెండడుగులు గంతేశాడు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు రజిత గోడకు ఎదురుగా నిలబడింది. కొమురయ్య వెనకనుంచి బంతిని రాళ్లకేసి కొట్టాడు. అది ఎటో తిరిగి వచ్చింది. ఆమె పట్టింది. ఖాజా రిజిస్టరులో ఒకటి అని వేశాడు. బకాయిల పరిష్కారాన్ని స్వయంగా పర్యవేక్షించడానికి వచ్చిన మురహరిరావు గారు పక్కగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. రెండు. మూడు. నలభై.

నలభై ఒకటో బంతి పొడుచుకొచ్చిన రాయికి తగిలి, రజితను వదిలి, సూటిగా ఉపసంచాలకుల ముఖం మీదికి వచ్చింది. నోరు తెరవడానికి కూడా ఎవరికీ వ్యవధి లేదు. ఆయన చేతులు వెనకనుంచి ముందుకు ఎప్పుడొచ్చాయో ఆయనకే తెలియదు. ముక్కుకు బెత్తెడు దూరంలో, రెండు అరచేతుల మధ్య బంతి ఆగి ఉంది.

ఖాజా కలం ఆగిపోయింది. మురహరిరావు గారు బంతిని దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకున్నారు. తర్వాత తన చేతుల్ని చూసుకున్నారు, అవి ఇంకెవరివో అయినట్టు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ముందుగా చెప్పకుండా వచ్చి ఆయన చేతికి అందినది ఇదొక్కటే.

“తమరికి నోటీసు లేదు సాబ్” అని ఖాజా భయంభయంగా గుర్తుచేశాడు. “ఏమని రాయాలె?”

మురహరిరావు గారు బంతిని రజిత వైపు విసిరారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, గోడకు ఎదురుగా వచ్చి, మోకాళ్లు కొంచెం వంచి నిలబడ్డారు.

“అది తర్వాత చూద్దాం. ఇంకొకటి వెయ్యండి” అన్నారు. “ఎటునుంచో చెప్పకండి.”